టాపు తెరవని కారు

హామ్‌ట్రామిక్‌లో కారు వార్త దాచిపెట్టడమంటే పెళ్ళివారింట్లో ఇంగువ పోపు వాసన దాచిపెట్టడమే. డెట్రాయిట్ కడుపులో ఇమిడిపోయిన ఆ చిన్న ఊళ్ళో ఇంటికో కారు కంపెనీ పింఛనుదారు ఉంటాడు. ఇద్దరు ఎదురుపడితే ముందు కంపెనీ క్షేమం అడిగి, తర్వాత పిల్లల క్షేమం అడుగుతారు. అలాంటి ఊళ్ళో, 1983 సెప్టెంబరు నెలలో, వాలెంటీ కుబాట్స్కీ అనే వాలీ ఒక కారు వార్తని సొంత భార్య చెవిన పడకుండా దాచాలని నిర్ణయించుకున్నాడు.

రామాయణంలో వాలి ఎదుటివాడి బలంలో సగం లాగేసుకునేవాడు. ఈ వాలీది తిరకాసు వరం. భార్య ఎదురుగా నిలబడితే చాలు, తన బలంలో సగం ఆవిడకి వెళ్ళిపోయేది. ఆవిడ పేరు లాటీ. పేరులో లేని ఒత్తు మాటలో ఉండేది.

ఆ వార్త వాలీకి ఇంటి వెనక సందులో తగిలింది. మోసుకొచ్చినవాడు పక్కింటి చెట్ మజూరెక్. ఫోర్డ్‌లో పనిచేసి రిటైరయ్యాడు గనక క్యాడిలాక్‌లో పనిచేసి రిటైరైన వాలీని ఏడిపించడం తన జన్మహక్కు అనుకునే మనిషి.

"ఒరే వాలీ, కూర్చున్నావా?"

"నిలబడ్డాను. చేతిలో చెత్తడబ్బా కనపడట్లేదా?"

"అయితే దాని మీద కూర్చో. మీవాళ్ళు మళ్ళీ చేస్తున్నార్రా."

"ఏం చేస్తున్నారు?"

"టాపు తీసే ఎల్డొరాడో. కొత్త మోడళ్ళలో వస్తోంది. మా బావమరిది చెప్పాడు."

వాలీ నిజంగానే డబ్బా మీద కూర్చున్నాడు. మూత లోపలికి పోయింది. మూతతోబాటు వాలీ కూడా కొంత లోపలికి పోయాడు.

విషయమేమిటంటే, ఏడేళ్ళ కిందట, 1976లో, అమెరికాలో టాపు తీసే కార్ల కథ ముగిసిపోయిందనీ, క్యాడిలాక్ వాళ్ళ ఎల్డొరాడోయే ఆఖరిదనీ ఊరూవాడా చెప్పుకున్నారు. డాక్టర్లూ వకీళ్ళూ ఎగబడి కొని, తోలకుండా, దుప్పటి కప్పి దాచుకున్నారు. పదేళ్ళు పోతే ధర ఆకాశాన్ని తాకుతుందన్నారు. ఆకాశం ఎక్కడుంటుందో వాలీకి సరిగ్గా తెలియదు గానీ, తాకినప్పుడు తానూ అక్కడ ఉండాలనుకున్నాడు.

డబ్బు మాత్రం లాటీది. లాటీ పిన్ని ఫెలిక్సా చుట్టల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు చుట్టలు చుట్టి, పెళ్ళి చేసుకోకుండా, కొత్త కోటు కొనుక్కోకుండా దాచి, పోతూ పోతూ లాటీ పేరున రాసింది. ఆ డబ్బుతో ఉత్తరాన హోటన్ సరస్సు ఒడ్డున చిన్న ఇల్లు కొనుక్కోవాలని లాటీ కోరిక. ఇంటికి ఆకుపచ్చ తలుపులుండాలి. పొద్దున్నే కాఫీ కప్పుతో నీళ్ళకేసి చూస్తూ కూర్చోవాలి, ఎవరూ పలకరించకూడదు.

"ఎవరూ అంటే?" అని అడిగాడు వాలీ అప్పట్లో.

"ముఖ్యంగా నువ్వు," అంది లాటీ.

"ఇల్లెక్కడికి పోతుందే? పదేళ్ళు ఆగు. ఈ కారు అమ్మితే ఒక ఇల్లు కాదు, ఇల్లూ పడవా రెండూ వస్తాయి. మాటిస్తున్నా."

లాటీ అతనికేసి చాలాసేపు చూసింది. తర్వాత చెక్కు రాసిచ్చింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ ఫోర్‌మన్ తిట్టూ వాలీని అంత భయపెట్టలేదు. ఆ నమ్మకం భయపెట్టింది.

తెల్ల ఎల్డొరాడో ఇంటికొచ్చింది. రాగానే గ్యారేజీ దానికి చాల్లేదు. పద్దెనిమిది అడుగులు దాటిన కారు, దానికంటే పొట్టి గ్యారేజీ. కారుని కత్తిరించలేరు గనక గోడని కొట్టి, వెనక్కి ఒక చెక్కపెట్టె లాంటిది కట్టి, కారు ముక్కుని అందులోకి దూర్చారు. ఆ పెట్టె వచ్చింది సరిగ్గా లాటీ టమాటా మడిలోకి. అప్పట్నుంచి ఆ ఇంట్లో టమాటాలు కొనుక్కోవడమే. లాటీ నడిపే చిన్న కారు మాత్రం మంచులో వీధిలోనే ఉండి, చలికాలానికింత చొప్పున తుప్పుగా రాలిపోతూ వచ్చింది.

క్యాడిలాక్ మీటరు ముప్ఫై ఎనిమిది మైళ్ళ దగ్గర ఆగింది. షోరూము నుంచి ఇంటికి, దారిలో బావగారికి చూపించడానికి, చర్చి ముందు ఫాదర్ చేత పవిత్రజలం చల్లించడానికి. అంతే. తర్వాత ప్రతి ఆదివారం వాలీ బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపల కూర్చుని, పది నిమిషాలు ఇంజను తిప్పి, బయటికొచ్చి, తలుపు వేసి, చెవి రిక్కించేవాడు. క్లార్క్ వీధి ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు అతని పని తలుపులు బిగించడం. తలుపు పడ్డ చప్పుడు వింటే చాలు, కీలు ఎక్కడ బిగువుందో చెప్పేసేవాడు.

"లాటీ, ఏళ్ళు గడిచేకొద్దీ ఈ తలుపు చప్పుడు ఎంత మెత్తబడిందో తెలుసా? ద్రాక్షసారాలా మగ్గుతోంది. బయటికి తియ్యకుండా ఉంచినా మగ్గుతోందంటే అదీ క్యాడిలాక్ అంటే."

"ఊఁ," అనేది లాటీ, అల్లికలోంచి తలెత్తకుండా.

ఇక చరిత్ర మొదలుపెడితే వాలీని ఆపడం ఫాదర్ వల్ల కూడా కాదు. ఏ పెళ్ళి విందులోనైనా రెండో గ్లాసు బీరు తర్వాత లేచేవాడు. "1908లో ఇంగ్లండువాళ్ళు మన కార్లు మూడు తెప్పించుకున్నారు. నట్టూ బోల్టూ ఊడదీశారు. మూడింటి భాగాలూ కలిపేశారు. మళ్ళీ బిగిస్తే మూడూ లేచి అయిదు వందల మైళ్ళు పరిగెత్తాయి. లోకంలో ఎవడికీ చేతకాని పని అప్పట్లో."

"మూడు కార్లు కలిపి బిగించినవాళ్ళ వంశం," అనేది లాటీ పక్కవాళ్ళతో. "మా వంటింటి కుళాయి ఒక్కటి విప్పాడు, ఈస్టరు నుంచి బకెట్టుతో నీళ్ళు మోస్తున్నాం."

"చేత్తో తిప్పకుండా మీట నొక్కితే స్టార్టయ్యే కారు ముందు తెచ్చిందెవరు? మనమే. యాభై తొమ్మిదిలో, మన పెళ్ళయిన ఏడు, కారు వెనక ఆ తోకలు గుర్తున్నాయా లాటీ? రాకెట్టులా. సినిమాతారలు ఎక్కేవాళ్ళు."

"గుర్తున్నాయి. మన పెళ్ళికి మాత్రం బస్సెక్కాం. ఇప్పుడెవరెక్కుతున్నారు వాలీ? కుర్రాళ్ళంతా జర్మనీ కార్లంటున్నారు. మన వీధిలో ఆఖరిసారి క్యాడిలాక్ ఎక్కింది మీ మేనమామ. అదీ పడుకుని, చర్చి నుంచి శ్మశానానికి."

ఇంత చరిత్ర ఉన్న కారుకి ఇప్పుడు, చెత్తడబ్బాలో కూర్చున్న వాలీకి, భవిష్యత్తు కనపడ్డం మానేసింది. ఆఖరిది ఆఖరిది కాకపోతే అది పాత కారు. పాత కారుకి సరస్సొడ్డున ఇల్లు రాదు. ఇదంతా లాటీకి తెలిస్తే? తిడుతుందన్న భయం కాదు. తిట్టకుండా, చెక్కు రాసిచ్చినప్పుడు చూసినట్టు, అలా చూస్తే?

జేబులోంచి అజీర్తి బిళ్ళలు రెండు తీసి నోట్లో వేసుకున్నాడు. ఉపాయం కూడా అక్కడే తట్టింది. లాటీకి వార్త తెలిసేలోపు, వార్త చేరని ఊరివాడికి కారు అమ్మేసెయ్యాలి. కారు కాగితం ఇద్దరి పేరు మీదా ఉంది, ఎవరి సంతకమైనా చెల్లుతుంది. "రేపు నేను పోతే నువ్వు ఇబ్బంది పడకూడదు" అని కొన్న రోజున తనే పట్టుబట్టి అలా రాయించాడు. ఎంత ముందుచూపు అని తన వీపు తనే తట్టుకున్నాడు, డబ్బాలోంచి చెయ్యి వచ్చినంత మేరకి.

"ఒరే చెట్, ఈ సంగతి లాటీకి చెప్పకు."

"నేనెందుకు చెప్తాను? అన్నట్టు, మీ ఇంట్లో సాసేజీ వాసన బాగా వస్తుంది ఆదివారం."

"పంపిస్తాను."

"మా లాన్ కూడా కాస్త పెరిగింది."

ఆ వారం నుంచి వాలీ రెండు లాన్‌లు కోశాడు.

మర్నాడు తెల్లవారగానే గుమ్మంలో పడ్డ పేపరు తీసి, కార్ల పేజీలో టాపు లేని ఎల్డొరాడో బొమ్మ ఉన్న ముక్కని కత్తిరించి, కోటు జేబులో దాచాడు.

"పేపరుకి కన్నమేమిటి?" అంది లాటీ కాఫీ పోస్తూ.

"ఎలకలు."

"నాలుగు మూలలూ లెక్కగా కొరికాయే. బడికెళ్ళిన ఎలకలేమో."

మూడోరోజు వాలీ కత్తెర పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళేసరికి పేపరు ముందే విప్పి ఉంది. కార్ల పేజీలో కన్నం కూడా ముందే ఉంది. కత్తెర చేతిలో పెట్టుకుని వాలీ అటూ ఇటూ చూశాడు. చెట్ పనే, ఇంకెవరిది, ముక్క దాచుకుని ఇంకాస్త సాసేజీ గుంజుదామని, అనుకున్నాడు. బిళ్ళలు మూడుకి పెరిగాయి.

సాయంత్రం టీవీలో వార్తలయ్యే వేళకి గుబులు మరీ ఎక్కువయ్యేది. కొత్త మోడళ్ళ ముచ్చట ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకరోజు 'ఈ ఏటి కొత్త కార్లు' అని మొదలవగానే వాలీ వంగి గోడలో ప్లగ్గు పీకబోయాడు. అక్కడ అప్పటికే ఒక చెయ్యి ఉంది. గాజుల్లేవుగానీ లాటీదే.

"ప్లగ్గు దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయి," అంది లాటీ.

"నాకూ అలాగే అనిపించింది," అన్నాడు వాలీ.

టీవీ నల్లబడింది. మొగుడూ పెళ్ళాం నల్లటి టీవీకేసి అరగంట చూస్తూ కూర్చున్నారు. మంచి కార్యక్రమమని ఇద్దరికీ అనిపించింది.

అసలు గండం ఆదివారం చర్చిలో వచ్చింది. ఫాదర్ కూడా కార్ల ఊరివాడే కదా. తప్పిపోయిన కొడుకు తిరిగొచ్చిన కథ చెబుతూ, "పోయిందని మనం దుఃఖించినది తిరిగి వస్తుంది. మొన్న చూడండి, టాపు తీసే..." అన్నాడో లేదో వాలీ దగ్గు అందుకున్నాడు. చర్చి దద్దరిల్లేలా దగ్గాడు. ఊపిరి తీసుకుందామని ఆగితే ఫాదర్ గొంతు మళ్ళీ "ఎల్డొ..." దగ్గర ఉంది. సరిగ్గా ఆ క్షణంలో పక్కన లాటీ దగ్గు అందుకుంది. ఆవిడ ఆగితే వాలీ, వాలీ ఆగితే ఆవిడ. ముందు బెంచీవాళ్ళు రెండు బెంచీలు ముందుకి జరిగారు. ఫాదర్ కథలో కొడుకుని ఇంటికి చేర్చకుండానే ప్రసంగం ముగించాడు.

"నీకూ పట్టిందా దగ్గు?" అన్నాడు వాలీ బయటికొచ్చాక.

"నీదే అంటుకుంది," అంది లాటీ, అతని ముఖం చూడకుండా. ఆవిడ గోళ్ళలో ఆకుపచ్చ రంగు మరకలున్నాయి. నెలకోసారి చర్చి ఆడవాళ్ళ ప్రార్థన విడిదికని రెండు రోజులు వెళ్ళొచ్చేది, ఏడాదిగా. అక్కడ మరియమ్మ తల్లి అన్నమ్మ విగ్రహానికి రంగులు వేస్తున్నామని చెప్పేది. ఒక్క విగ్రహానికి ఏడాదిపాటు రంగేమిటని వాలీకి అనుమానం రావలసింది. కానీ అతని అనుమానాలన్నీ అప్పటికే వేరే పనిలో ఉన్నాయి.

వాలీ టొలీడో పేపర్లో ప్రకటన ఇచ్చాడు. గంట దూరం, వేరే రాష్ట్రం, అక్కడివాళ్ళకి డెట్రాయిట్ గుసగుసలు ఆలస్యంగా చేరతాయని లెక్క. "1976 ఎల్డొరాడో, తెలుపు, ఎర్ర సీట్లు, ముప్ఫై ఎనిమిది మైళ్ళు. ఆఖరి టాపు తీసే కారు." 'ఆఖరి' అన్న చోట పెన్ను ఆగింది. ఆగినా రాశాడు. ఫోను నంబరు మాత్రం ఇంటిది ఇవ్వడానికి గుండె చాలక చెట్ ఇంటిదిచ్చాడు. దాంతో చెట్ వాకిట్లో మంచు తవ్వే బాధ్యత కూడా ముందస్తుగా ఒప్పుకోవలసి వచ్చింది.

ప్రకటన పడ్డ రోజే ఫోను వచ్చింది. ఒకే ఒక్క ఫోను.

"డాక్టర్ ఆర్విల్ పెంబర్టన్ అట. పళ్ళ డాక్టరు," అన్నాడు చెట్ కంచె మీంచి. "నేను వివరాలు చెబుతుంటే, ఎర్ర సీట్లా అన్నాడు. ముప్ఫై ఎనిమిదేనా అన్నాడు. ఏ ఊళ్ళో అన్నాడు. చెప్పాను. తర్వాత ఏమీ మాట్లాడలేదురా. పళ్ళ మధ్య నుంచి ఊపిరి మాత్రం వినపడింది."

"ఆశపడ్డాడన్నమాట."

"ఆశపడితే అలా పళ్ళు నూరతారా?"

"పళ్ళ డాక్టరు కదా," అన్నాడు వాలీ. "గురువారం మధ్యాహ్నం రమ్మను."

గురువారం మధ్యాహ్నం లాటీ చర్చి వంటశాలలో ఉంటుంది. శుక్రవారం అమ్మకానికి ఆడవాళ్ళంతా కలిసి కజ్జికాయల్లాంటి పియరోగీలు ఒత్తుతారు. ఆవిడ నాలుగింటికిగానీ రాదు. వాలీ రెండింటికే దుప్పటి తీసి, కారు తుడిచి, కాగితం కోసం వంటింటి అలమర పైనున్న బిస్కెట్ల డబ్బా దించాడు. ఇంటి కాగితాలూ పెళ్ళి కాగితాలూ అన్నీ అందులోనే. మూత తీశాడు. బొత్తాలు. కిందికి తవ్వాడు. ఇంకా బొత్తాలు. ఆ ఇంట్లో అన్ని చొక్కాలు ఎప్పుడూ లేవు.

గ్యారేజీ ముందు కారు ఆగిన చప్పుడైంది. తలుపు పడింది. జర్మనీ తలుపు, అనుకున్నాడు వాలీ అలవాటు కొద్దీ, బిళ్ళ నములుతూ.

డాక్టర్ పెంబర్టన్ పొడుగాటి మనిషి. మెడకి చిన్న బో టై. కారు ముందు చూడలేదు, పక్కనా చూడలేదు. తిన్నగా డిక్కీ దగ్గరికెళ్ళి, "తెరవండి," అన్నాడు.

"ఇంజను ముందుంటుందండీ," అన్నాడు వాలీ మర్యాదగా.

"తెలుసు. తెరవండి."

డాక్టరు స్టెప్నీ కింద చెయ్యి పెట్టి, ఒక చిన్న కార్డు తీసి వాలీకి అందించాడు. 'ఆర్విల్ పెంబర్టన్, దంతవైద్యులు, టొలీడో' అని అచ్చేసి ఉంది.

"పోయిన అక్టోబరులో నేనే పెట్టాను, గుర్తుగా."

"మీరు ఇంతకుముందు..."

"కొన్నాను." కోటు జేబులోంచి కాగితం తీసి విప్పాడు. కారు కాగితం. వాలీ ఇందాక బొత్తాల కింద వెతికిన కాగితం. అమ్మినవారి గడిలో సంతకం. ఆ వంకర తోక 'క' అక్షరం వాలీకి ఇరవై నాలుగేళ్ళుగా తెలుసు. సరుకుల చీటీల మీద చూస్తూనే ఉన్నాడు.

"నా కారుని నాకే అమ్మజూపుతున్నారు," అన్నాడు డాక్టరు. "మీరెవరో తెలుసుకోవచ్చా?"

"నేను... యజమానిని."

"యజమానిని నేను."

"అయితే నేనెవర్ని?" అన్నాడు వాలీ. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"అదే పోలీసుల్ని అడుగుదామా అనుకుంటున్నాను."

కంచె మీద చెట్ తల లేచింది. "సాక్షి కావాలంటే నేనున్నానండీ."

"ఎవరి తరఫున రా?" అన్నాడు వాలీ.

"ఇంకా అనుకోలేదు."

డాక్టరు వాలీని కింది నుంచి పైదాకా చూశాడు. చేతిలో మెత్తటి గుడ్డ, కాళ్ళకి బూట్లు లేకుండా మేజోళ్ళు. మొహం కాస్త మెత్తబడింది. "ఒక్క నిమిషం. కాపలా మనిషి మీరేనా? ఆవిడ చెప్పారు. నా గ్యారేజీ పొట్టిది, పొడిగించేదాకా కారు ఇక్కడే ఉంటుంది, చూసుకోవడానికి మనిషున్నాడు అన్నారు. ఆదివారం ఆదివారం ఇంజను తిప్పుతాడు, జీతం అడగడు, చరిత్ర చెబుతాడు, చెబితే ఆపకండి అన్నారు."

వాలీ నోట్లో బిళ్ళ కదలడం మానేసింది.

అప్పుడే సందులోకి లాటీ వచ్చింది. పిండి ఆ రోజు ముందే అయిపోయిందట. చేతుల్లో గుడ్డ కప్పిన పళ్ళెం, మోచేతుల దాకా తెల్లటి పిండి. పిండిలో ఉన్న ఆ మనిషి ముందు వాలీయే ఎక్కువ తెల్లబడ్డాడు.

"వచ్చారా డాక్టరు గారూ? గోడ కట్టడం అయిందా?" అని, తర్వాత మొగుడికేసి తిరిగింది. "వాలీ, ఎందుకు మేజోళ్ళతో బయట నిలబడ్డావు?"

"కారు అమ్ముతున్నాను."

"ఎవరికి?"

వాలీ డాక్టరుకేసి వేలు చూపించాడు.

"ఆయనకి నేను అమ్మేశానుగా," అంది లాటీ. "ఎన్నిసార్లు కొంటారు పాపం?"

"నాకు చెప్పకుండా."

"నువ్వు నాకు చెప్పి అమ్ముతున్నావా?"

వాలీ జేబులోంచి మడతపడ్డ పేపరు ముక్క తీసి చూపించాడు. "వీళ్ళు మళ్ళీ చేస్తున్నారు లాటీ. ఆఖరిది కాదట. నీ పిన్ని డబ్బు... నీకు తెలిస్తే..." ఈసారి దగ్గు నిజంగానే వచ్చింది.

లాటీ పళ్ళెం చెట్ చేతిలో పెట్టింది. ఏప్రాన్ జేబులోంచి తనూ ఒక పేపరు ముక్క తీసింది. అదే బొమ్మ. నాలుగు మూలలూ ఇంకా లెక్కగా కత్తిరించి ఉన్నాయి.

"ఎలకలు," అంది.

"నువ్వా?"

"నీకు తెలిస్తే గుండె ఆగిపోతుందని దాచాను. చర్చిలో నా గొంతు పుండయింది. టీవీ ప్లగ్గు పీకి పీకి గోడ వదులైంది."

"నీకెలా తెలిసింది, ఏడాది కిందటే?"

"చర్చి వంటశాలలో నా పక్కన నిలబడే స్టాషా టాపుగుడ్డలు కుట్టే షాపులో పనిచేస్తోంది కదా. పోయిన సెప్టెంబరులో దాని మిషను కిందకి కొత్త కొలతల గుడ్డొచ్చింది. పియరోగీలు ఒత్తుతుంటే చెప్పింది. టాపుగుడ్డ కుడుతున్నారంటే కింద కారుంటుందని వేరే ఎవరైనా చెప్పాలా? ముందు అమ్మాను, తర్వాత ఇల్లు చూసి కొన్నాను. హోటన్ సరస్సు. ఆకుపచ్చ తలుపులు."

వాలీకి అన్నమ్మ విగ్రహం ఒక్కసారిగా కళ్ళముందు నుంచి మాయమై, ఆ స్థానంలో తలుపులు వచ్చాయి. "ఏడాదిగా అక్కడికా వెళ్తున్నావు? మరి నాతో ఎందుకు అనలేదు?"

"ఎలా అంటాను వాలీ? ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కార్లకి తలుపులు బిగించావు. ఒక్క కారులో లోపలివైపు కూర్చున్నావు. చెబుదామని గ్యారేజీ దాకా వచ్చినప్పుడల్లా మేజోళ్ళతో కూర్చుని కళ్ళు మూసుకుని ఉండేవాడివి. గోడ పూర్తయ్యేదాకా చూద్దాంలే అనుకున్నాను."

వాలీ డాక్టరుకేసి తిరిగాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి, సీట్ల రంగులో. "మీకు చెప్పాల్సిందండీ, ఆఖరిది అని ప్రకటనలో రాశాను, అది..."

"ఆవిడ అప్పుడే చెప్పారు. మళ్ళీ చేస్తారట, ఆలోచించుకోండి అన్నారు," అన్నాడు డాక్టరు. "చేసుకోనివ్వండి. కొత్తవి పొట్టివి. ఇంత పొడుగుది మళ్ళీ రాదు. మా తాత ఒక షావుకారుకి ఇరవై ఏళ్ళు క్యాడిలాక్ తోలాడు. ఒక్కసారి కూడా వెనక సీట్లో కూర్చోలేదు. నాకు కావలసింది ఆ సీటు. ఆఖరిదా మొదటిదా అన్నది నాకు లెక్కలేదు." వెనక సీటుకేసి చూసి, "ఇక్కడిదాకా వచ్చాను గనక ఒకసారి కూర్చోవాలనుంది. తోలేవాళ్ళుంటే."

చెట్ నోటినిండా పియరోగీ ఉంది.

"బూట్లు వేసుకో వాలీ," అంది లాటీ.

వాలీ బూట్లతో ఆ కారెక్కడం అదే మొదటిసారి. లాటీ పక్కన కూర్చుంది. డాక్టరు వెనక సీటు మధ్యలో చేతులు రెండు వైపులా చాపుకుని కూర్చున్నాడు. సందులోకి కారు వచ్చింది, వస్తూనే ఉంది, తోక మలుపు దగ్గరికి చేరాకగానీ ముక్కు గ్యారేజీ వదల్లేదు.

"టాపు తీద్దామా?" అన్నాడు డాక్టరు.

గుడ్డకి మడతలు పడతాయని వాలీ ఏడేళ్ళలో ఒక్కసారీ తియ్యలేదు. ఎలా తియ్యాలో కూడా తెలియదు. అరల్లో పుస్తకం కోసం వెతుకుతుంటే లాటీ అంది:

"ముందు ఆ గొళ్ళేలు రెండూ తియ్యి. ఎడమది కాస్త పట్టేస్తుంది, పైకెత్తి లాగు. తర్వాత ఆ మీట నొక్కు."

వాలీ ఎడమ గొళ్ళెం లాగాడు. పట్టేసింది. పైకెత్తి లాగాడు. వచ్చింది. మీట నొక్కాడు. ఏడేళ్ళ టాపు మూలుగుతూ లేచి, వెనక్కి వాలి, మడత పడింది. మడతల్లోంచి గుప్పెడు గుమ్మడిగింజల పొట్టూ, సగం నింపిన గళ్ళనుడికట్టు కాగితమూ, ఒక అల్లిక సూదీ డాక్టరు ఒళ్ళో రాలాయి.

వాలీ మెల్లగా తల తిప్పి భార్యకేసి చూశాడు. తర్వాత మీటరుకేసి చూశాడు. ముప్ఫై ఎనిమిదే ఉంది.

"ఊరికే కూర్చుంటే తిరగదు కదా," అంది లాటీ, ఎదుటి రోడ్డుకేసి చూస్తూ. "మంగళవారాలు నువ్వు బౌలింగుకి వెళ్ళినప్పుడు. టాపు తీసుకుని, కాళ్ళు చాపుకుని. ఎవరూ పలకరించకుండా."

"ఏడేళ్ళూనా?"

"సరస్సు వచ్చేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలిగా."

ఆవిడ ఏప్రాన్ కొంగు తలుపులో ఇరుక్కుంది. తలుపు తెరిచి, కొంగు లోపలికి లాక్కుని, మళ్ళీ వేసింది. నేతిలో ముంచినట్టు మెత్తగా, ఒక్క చప్పుడు.

"విన్నావా?" అంది లాటీ. "ఎంత బాగా మగ్గిందో."